ఎయిర్‌టెల్ ఆఫ్రికా లెక్క: ఆదాయం 21 శాతం పెరిగింది, 5 శాతం తగ్గింది!

2023-24లో మన భారతీ ఎయిర్‌టెల్‌కు చెందిన ఎయిర్‌టెల్ ఆఫ్రికా ఆదాయం, ఆయా దేశాల కరెన్సీల్లో లెక్కేస్తే, అంతకుముందు ఏడాది కంటే దాదాపు 21 శాతం పెరిగింది. డాలర్లలోకి మార్చి చూస్తే 5 శాతం తగ్గింది. ముందు ఏడాది 75 కోట్ల డాలర్ల లాభం చూపిన కంపెనీ ఈసారి 8.9 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. నెట్‌వర్క్ పాడవలేదు, కస్టమర్లు పారిపోలేదు. కంపెనీకి అతిపెద్ద మార్కెట్ అయిన నైజీరియా 2023 జూన్‌లో తన కరెన్సీ నైరా మీద పట్టు సడలించింది. డాలరుకు 460 నైరాల దగ్గర ఉన్న రేటు మరుసటి ఏడాది మార్చికల్లా 1,300 దాటింది. నష్టానికి పెద్ద కారణం అదే.

సేవా రంగంలో ఉన్న కంపెనీ కొత్తదనం చూపిస్తే లాభం, విదేశాలకు వెళ్తే ఇంకా లాభం అనే మాట బిజినెస్ పేజీల్లో తరచూ కనిపిస్తుంది. రెండూ చేసిన ఎయిర్‌టెల్ కథ చూస్తే నాకు అంత తేలిగ్గా అనిపించదు. ఇంటి నుంచి మోసుకెళ్లిన కొత్తదనం అక్కడ పెద్దగా డబ్బు తేలేదు. అక్కడ నేర్చుకున్నది తెచ్చింది. అదీ చాలా ఆలస్యంగా.

2004లో ఎయిర్‌టెల్ మన దేశంలో ఒక సాహసం చేసింది. నెట్‌వర్క్ నిర్వహణను ఎరిక్సన్, నోకియా లాంటి కంపెనీలకూ, ఐటీ పనిని ఐబీఎంకూ అప్పగించింది. టెలికాం కంపెనీకి నెట్‌వర్కే ప్రాణం కదా, దాన్నే బయటివాళ్ల చేతిలో పెడతారా అని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. ఖర్చు తగ్గింది, కాల్ రేటు తగ్గింది, జనం ఎక్కువ మాట్లాడారు. తక్కువ ధరకు కోట్ల నిముషాలు అమ్మే ఈ పద్ధతికి ‘మినిట్స్ ఫ్యాక్టరీ’ అనే పేరు కూడా వచ్చింది.

అదే ఫ్యాక్టరీని 2010లో ఆఫ్రికాకు తీసుకెళ్లింది. కువైట్ టెలికాం సంస్థ జైన్ (Zain)కు అక్కడి 15 దేశాల్లో ఉన్న వ్యాపారాన్ని 1,070 కోట్ల డాలర్లకు కొన్నది. అందులో ఎక్కువ భాగం అప్పు, అదీ డాలర్లలో. 2013 మార్చికల్లా 10 కోట్ల కస్టమర్లు, 500 కోట్ల డాలర్ల ఆదాయం సాధిస్తామని లక్ష్యం పెట్టుకుంది. ఆదాయం ఆ గీత దాటింది 2022-23లో, అంటే పదేళ్లు లేటుగా.

ఎందుకు కుదరలేదు? ఒక్కో దేశానికి ఒక్కో లైసెన్సు, ఒక్కో రెగ్యులేటర్, ఒక్కో కరెన్సీ, ఒక్కో పన్ను. కరెంటు నిలకడగా లేనిచోట టవర్లు డీజిల్ జనరేటర్ల మీద నడవాలి. మన దగ్గర రేటు తగ్గిస్తే వాడకం పెరిగినట్టు అక్కడ పెరగలేదు. కెన్యా సంగతే చూడండి. 2010 ఆగస్టులో ఎయిర్‌టెల్ కాల్ రేటును నిముషానికి 3 షిల్లింగులకు దించింది. అయినా పోటీ కంపెనీ సఫారీకామ్ చెక్కుచెదరలేదు. ఫోన్లో డబ్బు దాచుకుని పంపుకునే దాని ఎం-పెసా సేవ 2007లోనే మొదలైంది, జనం డబ్బు అందులో ఉంది, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేదీ దాంతోనే. కాల్ చవకైందని ఆ సిమ్ ఎవరు వదులుకుంటారు?

ఈలోగా భారతీ ఎయిర్‌టెల్ నికర లాభం 2009-10లో దాదాపు 9,000 కోట్ల రూపాయలు ఉన్నది 2012-13 నాటికి 2,300 కోట్ల లోపుకు పడిపోయింది. నేరమంతా ఆఫ్రికా మీద తొయ్యడం న్యాయం కాదు. అదే కాలంలో 3జీ వేలంలో భారీగా పోసింది, ఇక్కడి రేట్ల యుద్ధమూ లాభాన్ని తినేసింది. ఆ సమయంలో మెడమీద అంత డాలర్ అప్పు లేకపోతే మాత్రం కంపెనీకి ఊపిరి ఆడేది.

విదేశీ విస్తరణకూ లాభానికీ సంబంధం చూపించడానికి మేనేజ్‌మెంట్ పరిశోధకులు ఎస్ ఆకారంలో ఒక గీత గీస్తారు. లాభం మొదట పడుతుంది, తర్వాత లేస్తుంది, మితిమీరి విస్తరిస్తే మళ్లీ పడుతుంది. గీత బాగానే ఉంది. కింది మలుపులో ఎన్నేళ్లు ఉండాలో, అందాకా అప్పు వడ్డీ ఎవరు కట్టాలో అది చెప్పదు. ఓలా 2018లో ఆస్ట్రేలియా, బ్రిటన్ వెళ్లి 2024లో దుకాణం సర్దేసింది. ఓయో చైనా, అమెరికా, యూరప్‌ల మీద ఒకేసారి పడి 2019-20లో 13,000 కోట్ల రూపాయలకు పైగా నష్టపోయింది. వీళ్లంతా ఆ మలుపులోనే ఆగిపోయారో, దారే తప్పో గీత చూసి తేల్చలేం.

ఎయిర్‌టెల్‌ను పైకి లాగింది మొబైల్ మనీ. కెన్యాలో తనను కొట్టిన ఆయుధాన్నే ఉగాండా, జాంబియా, మలావీ లాంటి చోట్ల తను పట్టుకుంది. బ్యాంకు బ్రాంచి లేని ఊళ్లో ఏజెంటు దగ్గర నగదు ఇచ్చి ఫోన్లో వేసుకుంటారు, పంపుకుంటారు, తీసుకుంటారు. డబ్బు పంపినా, తీసినా కంపెనీకి ఫీజు. 2021లో అమెరికా పెట్టుబడి సంస్థ టీపీజీ, మాస్టర్‌కార్డ్ ఈ విభాగంలో వాటాలు కొన్నప్పుడు దాని విలువ 265 కోట్ల డాలర్లుగా కట్టారు. 2024-25లో దాని ఆదాయం దాదాపు 100 కోట్ల డాలర్లు.

మన బడ్డీకొట్టులో యూపీఐ ఇంతకంటే గొప్ప టెక్నాలజీ, సందేహం లేదు. కాకపోతే 2020 జనవరి నుంచి దానిలో బ్యాంకు ఖాతా నుంచి చేసే చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర ఛార్జీ వసూలు చెయ్యడానికి లేదు. లాభం జనానికి చేరింది, కంపెనీల ఖాతాలోకి పెద్దగా రాలేదు. కొత్తదనం ఎంత గొప్పదన్నదాని కంటే దానికి ఛార్జీ వేసే వీలు ఆ దేశంలో ఉందా లేదా అన్నదే బ్యాలెన్స్ షీట్‌కు ముఖ్యం.

కరెన్సీ విషయంలో మన ఐటీ ఎయిర్‌టెల్‌కు సరిగ్గా తలకిందులు. టీసీఎస్, ఇన్ఫోసిస్ బిల్లు వేసేది ఎక్కువగా డాలర్లలో, జీతాల్లో పెద్ద భాగం ఇచ్చేది రూపాయల్లో. ఎయిర్‌టెల్ నైరాల్లో సంపాదించి డాలర్లలో అప్పు తీర్చేది. స్థానిక కరెన్సీ పడితే ఒకరికి మార్జిన్ పెరుగుతుంది, ఇంకొకరికి కొంప మునుగుతుంది. ఐటీకి ఉన్న టెన్షన్ వేరు. మనుషులను, గంటలను లెక్కగట్టి బిల్లు వేసే చోట ఏఐ పనిని సగం టైమ్‌లో ముగిస్తే, ఆ మిగులు తమకూ కావాలని క్లయింట్ అడుగుతాడు. అక్కడ కొత్తదనమే ఆదాయాన్ని కొరికే ప్రమాదం ఉంది.

నైరా దెబ్బ తర్వాత ఎయిర్‌టెల్ ఆఫ్రికా 2024 మేలో దేశాల్లోని విభాగాల పేరిట కాకుండా తన హోల్డింగ్ కంపెనీ స్థాయిలో మిగిలిన 55 కోట్ల డాలర్ల బాండ్లు తీర్చేసింది. అప్పులను స్థానిక కరెన్సీల్లోకి మార్చుకుంటూ వచ్చింది. 2024-25లో 32.8 కోట్ల డాలర్ల లాభంతో మళ్లీ గట్టెక్కింది. ఇది ఉచితంగా దొరికిన రక్షణేమీ కాదు. 2024 చివర్లో నైజీరియా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటే 27.5 శాతం. నైరాల్లో అప్పు తెచ్చుకునేవాడికి అంతకంటే తక్కువకు దొరకడం కష్టం. డాలర్ అప్పు చవకని 2010లో అనుకున్న కంపెనీ, ఇప్పుడు ఆ వడ్డీని తెలిసే కడుతోంది.