207 రూపాయల అక్షరాస్యత

లద్దాఖ్‌తో మొదలై మిజోరం, గోవా, త్రిపుర, హిమాచల్ ప్రదేశ్ దాకా ఒక్కొక్కటిగా సంపూర్ణ అక్షరాస్యత సాధించామని ప్రకటించుకున్నాయి. నూటికి 95 మందికి చదవడం, రాయడం వస్తే దాన్ని సంపూర్ణంగానే లెక్కించవచ్చునని కేంద్ర విద్యాశాఖ 2024లో వెసులుబాటు ఇచ్చింది. ఆ రాష్ట్రాల కృషిని తక్కువ చేయవలసిన పని లేదు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ సంబరాల మాటున స్థిరపడిపోతున్న పద్ధతి. వయోజనులకు చదువు చెప్పడం ప్రభుత్వం జీతమిచ్చి చేయించవలసిన పని కాదని, ఎవరో ఒకరు పుణ్యానికి చేసిపెడితే సరిపోతుందని పాలకులు నిర్ణయించుకున్నట్లు కనిపిస్తోంది.

లెక్క చూడండి. ‘ఉల్లాస్’ పేరుతో నడుస్తున్న నవభారత సాక్షరతా కార్యక్రమం 2022 నుంచి 2027 వరకు 5 కోట్ల మందిని అక్షరాస్యులను చేయాలని లక్ష్యం పెట్టుకుంది. దానికి కేంద్రం వాటా రూ.700 కోట్లు, రాష్ట్రాల వాటా రూ.337.90 కోట్లు. అంటే తలకు 207 రూపాయల పైచిలుకు. పుస్తకం, శిక్షణ, పరీక్ష, ప్రచారం అన్నీ అందులోనే సర్దుకోవాలి గనుక బోధించేవారికి పైసా కూడా మిగలదు, ఇవ్వాలన్న ఉద్దేశమూ లేదు. బడిపిల్లలు, కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు, వీరితోపాటు ఆశా, అంగన్వాడీ కార్యకర్తలు స్వచ్ఛందంగా చదువు చెప్పాలట! తమను ఉద్యోగులుగా గుర్తించండి మహాప్రభో అని ఏళ్ల తరబడి రోడ్డెక్కుతున్నవారినే మరో ఉచిత సేవకు పిలవడానికి ఎంత ధైర్యం కావాలి? మొదట వేతనం స్థానంలో గౌరవ వేతనం వచ్చింది. ఇప్పుడు గౌరవ వేతనం స్థానంలో ప్రశంసాపత్రం వస్తోంది. ఇది ఒక్క వయోజన విద్యతో ఆగుతుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

పల్లెల్లో ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2009 సెప్టెంబరు 8న మొదలైన వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లోనూ చదువు చెప్పే వాలంటీర్లకు జీతం లేదు. కానీ ఊళ్లోని చదువు కేంద్రం తలుపు తీయడానికి, రిజిస్టరు రాయడానికి, రాని వారిని ఇంటికి వెళ్లి పిలుచుకురావడానికి నెలకు రూ.2,000 గౌరవ వేతనంపై గ్రామ సమన్వయకర్తలు ఉండేవారు. 2018 మార్చితో పథకాన్ని మూసివేసి వారిని ఇంటికి పంపేశారు. ఆ రెండు వేలు కూడా దండగేనని తేల్చిన తర్వాత పుట్టినదే నేటి ఉచిత వ్యవస్థ.

పరిమిత నిధులను బడిపిల్లల మీద ఖర్చు చేయడమే మేలని, కాలం గడిచేకొద్దీ నిరక్షరాస్యత దానంతట అదే తగ్గిపోతుందని వాదించేవారున్నారు. తగ్గుతుంది, నిజమే, చదువురాని వారు చనిపోయిన కొద్దీ తగ్గుతుంది. దాన్ని విధానమని పిలవడానికి మాకు మనసొప్పదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రయత్నించాలని 45వ అధికరణం రాజ్యానికి నిర్దేశించింది. ఆ గడువు 1960తో తీరింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చేసరికి 2010 ఏప్రిల్ 1 అయింది. అదీ 6 నుంచి 14 ఏళ్ల వారికే. ఈ అర్ధ శతాబ్దపు సందులో బడి గడప తొక్కని కూలీ బిడ్డలే నేడు ఉపాధి హామీ మస్టరులో తమ పేరు ఎక్కిందో లేదో పక్కవారిని అడిగి తెలుసుకుంటున్నారు. పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడినా పోల్చుకోలేకపోతున్నారు. పొదుపు సంఘం అప్పు ఎంత తీరిందో, ఎంత మిగిలిందో లీడరు మాట మీదే నమ్ముతున్నారు. వీరికి చదువు చెప్పడం సర్కారు తీర్చవలసిన పాత బాకీ. బాకీ పడినవాడు దాన్ని తీర్చే పనిని చందాదారులకు అప్పగిస్తే ఏమనాలి?

నెల్లూరు జిల్లాలో, కేరళలో స్వచ్ఛంద సేవతోనే అక్షరోద్యమాలు నడవలేదా అని అడగవచ్చు. నడిచాయి. దూబగుంట మహిళలు రాత్రి బడిలో వాచకం చేతపట్టిన తర్వాతే సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ సెగకు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. కానీ అప్పుడు కలెక్టరు మొదలు కిందిదాకా జిల్లా యంత్రాంగం ఆ పనిలో దిగింది, వాలంటీరు వెనక ప్రభుత్వం నిలబడింది. 1991 ఏప్రిల్‌లో సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించుకున్న కేరళ ఆ రోజుతో దుకాణం కట్టేయలేదు. అక్షరాస్యతా మిషన్‌ను శాశ్వత సంస్థగా నిలిపి, పెద్దలకు 4, 7, 10, 12 తరగతులకు సమానమైన పరీక్షలు నేటికీ నిర్వహిస్తోంది. ఇప్పటి పాలకులు ఆ ఉద్యమాల నుంచి వాలంటీరును మాత్రం ఏరుకుని, వెనక నిలబడే బాధ్యతను వదిలేశారు. చదవడం నేర్చిన వ్యక్తికి చదవడానికి ఏమీ దొరకకపోతే ఆ నాలుగక్షరాలూ ఎన్నాళ్లు నిలుస్తాయి?

మన సంగతి మరీ నామోషీ. 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం ఏడేళ్లు, ఆపై వయసువారిలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 72.6 శాతం. రాష్ట్రాలన్నింటిలో ఇదే అట్టడుగు, బీహార్ కూడా మనకన్నా పైనే ఉంది. తెలంగాణ 76.9 శాతంతో జాతీయ సగటుకు దిగువనే ఆగింది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా 60 శాతం దాటలేదు, నేటి జోగులాంబ గద్వాల ప్రాంతం సగమైనా అందుకోలేదు. ‘అక్షర ఆంధ్ర’, ‘అమ్మకు అక్షరమాల’ అంటూ రెండు ప్రభుత్వాలూ చక్కని పేర్లు పెట్టుకున్నాయి. అవీ ఉల్లాస్ చట్రంలోనే, వాలంటీర్ల ఓపిక మీదే నడుస్తున్నాయి. పరీక్ష రోజు ఫొటోలకు మాత్రం లోటుండదు.

ఊరికొక వయోజన విద్యా కేంద్రం, అందులో నెల జీతంపై పనిచేసే శిక్షణ పొందిన బోధకుడు, పరీక్ష గట్టెక్కిన తర్వాత కనీసం రెండేళ్లు సాగే నిరంతర విద్య, వీటికి బడ్జెట్లో ప్రత్యేక పద్దు ఉండాలి. వేల కోట్ల పద్దులు అలవోకగా చదివే ఆర్థిక మంత్రులకు ఇది భారమేమీ కాదు. సేవాభావంతో పనులు నడుస్తాయని అంత గట్టిగా నమ్మే అధికారులూ మంత్రులూ ముందు తమ జీతభత్యాలు వదులుకుని ఒక్క ఏడాది పనిచేసి చూపించాలి. ఆ తర్వాత ఆశా కార్యకర్త చేతికి పలక ఇచ్చి పంపవచ్చు.