మంచం పక్కన మానిటర్ ఉంటే అంబులెన్స్ అక్కర్లేదా?

"పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు శుభవార్త" అంటూ మొదలయ్యే ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది బాగా చదువుకున్న స్నేహితుడే. మంచం పక్కన మానిటర్ పెట్టుకుంటే చాలట, సాఫ్ట్‌వేర్ మీ గుండెను 24 గంటలూ చూస్తూ ఉంటుందట, తేడా వస్తే ఆస్పత్రివాళ్లే ఫోన్ చేస్తారట. అంతా ఆటోమేటిక్, మనుషులతో పనిలేదు. ఇక చెకప్‌లు వద్దు. రోజూ బటన్ నొక్కి రీడింగ్ పంపండి. రాత్రిపూట మాత్రం ప్లగ్ తీసేయండి, హ్యాకర్లు గుండె ఆపేయగలరు. ప్లగ్ తీసేశాక 24 గంటలూ ఎలా చూస్తుందని ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఒక్కరికైనా అనుమానం రాలేదా?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మొదటి మాట. దాన్ని నమ్మినవాళ్లు ఛాతీలో నొప్పి వస్తున్నా ఆస్పత్రి ఫోన్ కోసం చూస్తూ కూర్చుంటారు. గుండె లయను ఎప్పటికప్పుడు గమనించేది లోపల అమర్చిన డివైస్. పేసింగ్ (గుండె కొట్టుకునేలా చిన్న విద్యుత్ సంకేతం) ఇవ్వాలన్నా, ఐసీడీ (ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే డివైస్) అయితే షాక్ ఇవ్వాలన్నా నిర్ణయం దానిదే, ఎవరి అనుమతి కోసమూ ఆగదు. పక్కనున్న మానిటర్ చేసేదల్లా ఆ డివైస్ దాచిపెట్టుకున్న సమాచారాన్ని అందుకుని కంపెనీ సర్వర్‌కు పంపడం. అక్కడినుంచి అది క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లోకి చేరి, వర్క్‌లిస్టులో ఎవరో తెరిచేదాకా ఉంటుంది. శనివారం రాత్రి వచ్చిన అలర్ట్‌ను సోమవారం ఉదయం తెరిచే చోట్లు చాలా ఉన్నాయి.

ఇలా దూరంనుంచి గమనించడం, అంటే రిమోట్ మానిటరింగ్, మేలు చేస్తుందని చూపిన కనెక్ట్ ట్రయల్ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆస్పత్రికి వెళ్లి చూపించుకునే పద్ధతిలో సమస్య తలెత్తినప్పటినుంచి వైద్యుల నిర్ణయం దాకా మధ్యస్థంగా 22 రోజులు పట్టింది. రిమోట్‌లో అది 4.6 రోజులకు తగ్గింది. గొప్ప ఫలితమే, కాదనను. కానీ 4.6 రోజులు! గుండెపోటు అన్నాళ్లు ఆగుతుందా? పైగా మామూలు పేస్‌మేకర్‌కు గుండెపోటు సంగతి తెలియనే తెలియదు. అది చూసేది లయను. రక్తనాళం మూసుకుపోవడాన్ని పట్టుకునే పని దానికి ఎవరూ అప్పగించలేదు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం, ఐసీడీ వెంటవెంటనే రెండు షాకులివ్వడం, వీటిలో ఏది జరిగినా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. ఒక్కటే షాక్ వచ్చి మనిషి బాగానే ఉంటే క్లినిక్‌కు చేయండి. వాళ్లు చేస్తారని మాత్రం కూర్చోకండి.

మనుషులతో పనిలేదన్న మాట ఆ క్లినిక్‌లలో పనిచేసేవాళ్లకు అవమానం. గుండె లయ నిపుణుల సంఘాలు 2023లో ఇచ్చిన ఉమ్మడి ప్రకటన, రిమోట్‌లో ఉన్న ప్రతి 1,000 మందికీ కనీసం ముగ్గురు పూర్తికాలపు సిబ్బంది ఉండాలంది. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, వేర్వేరు కంపెనీల పోర్టళ్లలో పడిన రిపోర్టులను ఒకచోటికి తెస్తుంది. ఎవరి ట్రాన్స్‌మిషన్ ఎప్పుడు రావాలి, ఎవరిది రాలేదు, ఏ అలర్ట్‌ను ఇంకా ఎవరూ చూడలేదు అన్నది చూపిస్తుంది. అది లేకుండా వందలమంది లెక్క చూడటం అసాధ్యం. అయినా, వచ్చిన అలర్ట్ లీడ్ (డివైస్‌నుంచి గుండెకు వెళ్లే వైరు) పాడవడం వల్లా, ఊరికే వచ్చిన సిగ్నల్ గోల వల్లా అని తేల్చి, రోగికి ఫోన్ చేసేది మనిషే.

చెకప్‌ల విషయంలో మాత్రం ఆ మెసేజ్‌లో కొంత నిజముంది. అదే 2023 ప్రకటన ప్రకారం, కనెక్షన్ నిరంతరంగా ఉండి, ఈమధ్య అలర్ట్‌లేవీ లేక, ఇతర గుండె జబ్బులూ లేనివాళ్లకు ఆస్పత్రి చెకప్‌ల మధ్య వ్యవధిని 24 నెలల దాకా పెంచవచ్చు. నడవలేని పెద్దవాళ్లకు ఇది నిజంగా వరం. మీ సంగతి మీ డాక్టరు తేల్చాలి, ఫార్వర్డ్ మెసేజ్ కాదు.

రోజూ బటన్ నొక్కడం దండగ. క్లినిక్ అడిగినప్పుడు పంపండి. ఊరికే పంపితే లోపలి బ్యాటరీ ఖర్చు, అక్కడివాళ్లకు పని.

ఇక ప్లగ్. హ్యాకింగ్ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2023 జూన్‌లో పేస్‌మేకర్లు తయారుచేసే మెడ్‌ట్రానిక్ వారి పేస్‌ఆర్ట్ ఆప్టిమా అనే క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో తీవ్రమైన లోపం బయటపడింది. అది ఆస్పత్రి సర్వర్‌లో నడిచే ఒక ఐచ్ఛిక మెసేజింగ్ సర్వీసులోది. రోగుల డివైస్ సమాచారాన్ని దొంగిలించడం, మార్చడం, చెరిపేయడం దాంతో సాధ్యం. దాన్ని సరిచేయాల్సింది ఆస్పత్రి ఐటీ విభాగం. మీ ఇంట్లో ప్లగ్ తీస్తే ఆ సర్వర్ బాగుపడుతుందా?

మానిటర్‌లోనే లోపం దొరికిన సందర్భమూ ఉంది. 2017 జనవరిలో సెయింట్ జూడ్ కంపెనీ వారి మెర్లిన్ ఎట్ హోమ్ మానిటర్ గురించి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అప్పుడు రోగులకు చెప్పిందేమిటంటే, ప్లగ్ పెట్టే ఉంచండి, కనెక్షన్ ఉంటేనే సవరణ అందుతుంది అని. ఈ మెసేజ్ చెబుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. పైగా చాలా మానిటర్లు డివైస్‌తో మాట్లాడేది మనిషి నిద్రలో ఉన్నప్పుడే. రాత్రి ప్లగ్ తీస్తే ఆ రోజు సమాచారం క్లినిక్‌కు వెళ్లదు, కొన్నాళ్లకు మీ పేరు కనెక్షన్ తెగినవాళ్ల జాబితాకెక్కుతుంది. ఎవరో ఫోన్ చేసి ప్లగ్ పెట్టించేదాకా మీకొచ్చిన ఏ అలర్టూ అక్కడికి చేరదు.