మారియో మళ్లీ చచ్చాడు

నిన్న రాత్రి వీడియో గేమ్ హీరో మారియో మళ్లీ చచ్చిపోయాడు. గోతిలో పడి కాదు, తాబేలు తగిలి కాదు. ఆటలో దాగిన రహస్యాలు తవ్వే ఒక వీడియోలో, గంటా పది నిమిషాల పాటు, సాక్ష్యాధారాలతో సహా చచ్చిపోయాడు. అంతకుముందు ఇంకొకాయన కోమాలో పడుకోబెట్టాడు. ప్లంబర్ పని చేసుకుని బతుకుతున్నాడంటే మాత్రం ఎవరికీ మనసొప్పదు.

ఈసారి దొరికిన సాక్ష్యం అల్లాటప్పాది కాదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో కింద పొద, పైన మేఘం ఒకటే బొమ్మ, రంగే తేడా. మన పరిశోధకుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి, చుట్టూ ఎర్రగీత గీసి, వెనకాల వయొలిన్ మోగించి, గొంతు తగ్గించి అడిగాడు: నేలా ఆకాశం ఒకటయ్యే చోటు ఏది? సరే నాయనా, వంద నాణేలు ఏరితే ఇంకో ప్రాణం వస్తుంది కదా, చచ్చినవాడికి ప్రాణమెందుకు? దానికీ జవాబు రెడీ. బతికున్నవాడికి ప్రాణం ఎవరిస్తారండీ! గొట్టంలోకి దిగడం? పునర్జన్మ. పైన తరిగిపోయే టైమ్? ఆయుష్షు. రాకుమారి వేరే కోటలో ఉందంటే? మోక్షం ఇంకా అందలేదని. ఈ లెక్కన సీలింగ్ ఫ్యాన్ కూడా కాలచక్రమే.

తప్పు కొంత మారియోని సృష్టించిన మియమోటోది కూడా. సూపర్ మారియో మూడో ఆట మొత్తం రంగస్థలం మీద నాటకమేనా అంటే 2015లో అవునన్నాడు. తెర లేచి మొదలయ్యే ఆట అది, కళ్లున్నవాళ్లకి కనబడేదే. ఒక్క రాయి తగిలిందని అప్పట్నుంచి కనబడ్డ చెట్టుకల్లా విసురుతున్నారు.

పొదా మేఘం ఒకటెందుకో తెలుసా? చోటు లేక! ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీ వీడియో థంబ్‌నెయిల్ కూడా అందులో పట్టదేమో. 1981లో డాంకీ కాంగ్ అనే ఆట కోసం మియమోటో మారియోని గీసినప్పుడు మనిషి మొత్తం 16 చుక్కల (పిక్సెళ్ల) ఎత్తు. నోరు గీయడానికి చుక్కల్లేక మీసం పెట్టాడు. జుట్టు కదిలించడం కుదరక టోపీ పెట్టాడు. ఊగే చేతులు కనబడాలని ఓవరాల్స్ తొడిగాడు. ఒక్కో చుక్క దగ్గర తల పట్టుకుని కూర్చున్న మనిషి పనితనం కళ్లెదుట ఉంటే, అది చూడ్డం చేతకాక శవాన్ని వెతుకుతారా? సిగ్గుండక్కర్లా?

వచ్చే వారం మారియో తమ్ముడు లూయిజీ సంగతి తేలుస్తారట. ఆ 1985 ఆటలో మారియో బొమ్మకే రంగు మార్చి లూయిజీ అన్నారు, అచ్చం పొదకి చేసినట్టే. వాళ్లకి ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. దయచేసి మీరూ చెప్పకండి.