ఒకే పాట, అరకిలో చిక్కుడుకాయలు

ఇండీ సింగర్, అంటే పెద్ద కంపెనీల జోలికి పోకుండా సొంతంగా పాటలు చేసుకునేవాడి ఆల్బమ్ వినడం ఆషామాషీ వ్యవహారం కాదండి, ఈ సంగతి జాతికి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నా. సినిమా పాటైతే బస్సులో వినొచ్చు, గడ్డం గీసుకుంటూ వినొచ్చు, పక్క వీధి పెళ్ళి మైకులోంచి వద్దన్నా వినొచ్చు. దీనికి అలా కుదరదు. లైట్లు తగ్గించాలి, ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, మొహంలో కాస్త బాధ కనపడాలి.

ఈ రంగంలో నా గురువు మా బావమరిది. "సూఫ్యాన్ స్టీవెన్స్ ఏజ్ ఆఫ్ ఆడ్స్ వినకుండా ఇన్నాళ్ళు ఎలా బతికావ్ బావా" అన్నాడు జాలిగా. అది 2010 అక్టోబర్‌లో వచ్చిన ఆల్బమ్, మా ఇంటికి మొన్న శనివారం చేరింది గనక మాకు కొత్త రిలీజే. Adz అన్న స్పెల్లింగ్ చూసి నేను అడ్జ్ అన్నా, వాడు బాగా నొచ్చుకున్నాడు.

ఈ సూఫ్యాన్ గారు డెట్రాయిట్‌లో పుట్టిన మనిషి, పాటలు ఆయనే రాసుకుని ఆయనే కట్టుకుని ఆయనే పాడుకుంటాడు, అంటే మన లెక్కలో వాగ్గేయకారుడు, ఆల్బమ్‌లు విడుదల చేసే లేబుల్ కూడా సవతి తండ్రితో కలిసి పెట్టుకున్న సొంత కొట్టే. మొదట్లో బాంజో పట్టుకుని, పక్కన పసిపిల్లాడెవరో నిద్రపోతున్నట్టు మెల్లగా పాడేవాడు. అమెరికాలో 50 రాష్ట్రాలకీ రాష్ట్రానికో ఆల్బమ్ చేస్తానన్నాడు. 2003లో మిషిగన్ అయింది, 2005లో ఇల్లినాయిస్ అయింది, ఆ తర్వాత అదంతా ప్రచారం కోసం అన్న మాటే అని తనే ఒప్పేసుకున్నాడు. మన మేనిఫెస్టోల రికార్డు చూస్తే యాభైకి రెండు తక్కువేం కాదు, పైగా ఒప్పుకోవడం అనే ఐటమ్ మన దగ్గర అసలు స్టాకే లేదు. అయినా తెలుగోళ్ళకి లెక్క సరిపోయినట్టే, మనకున్నవీ రెండేగా.

ఇక ఆల్బమ్. మొదటి పాట గిటార్‌తో రెండు నిమిషాలు, ప్రాణం లేచొచ్చింది. రెండోది మొదలవగానే మిక్సీలో గరిటె పడ్డట్టు చప్పుడు, ఇయర్‌ఫోన్ పోయిందేమోనని తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టుకున్నా. పోలేదు, అదే సంగీతం. సింథులు, బాకాలు, ఫ్లూట్లు, కోరస్, అన్నీ ఒకే ఆటోలో ఎక్కేశాయి. దీన్ని ఎక్లెక్టిక్ అంటారు బావా, అన్ని రకాలూ కలపడం అన్నాడు వాడు. ఒరేయ్, మనం చిన్నప్పుడు కొన్న ప్రతి సినిమా కేసెట్లో హీరో ఎంట్రీ పాట, డ్యూయెట్టు, జానపదం, ఏడుపు పాట, తిప్పేస్తే ఐటమ్ పాట, దాని వెనకాలే దేవుడి పాట ఉండేవి కదరా, ఎవడన్నా ఎక్లెక్టిక్ అన్నాడా, కేసెట్ ఎంత అన్నాం అంతే.

ఇంకో పాటలో ఆయన తన పేరుతో తననే పిలిచి, నీ మనసు చెప్పినట్టు నడుచుకో అని చెప్పుకుంటాడు. "ఏం ధైర్యం బావా!" అన్నాడు వీడు కళ్ళు తుడుచుకుంటూ. వేమన కూడా పద్యం పద్యానికీ వినుర వేమ అని తనకే చెప్పుకున్నాడు, మనమేమో కళ్ళు తుడుచుకోలేదు సరికదా, అప్పజెప్పలేదని మేస్టారితో దెబ్బలు తిన్నాం.

నచ్చలేదు అనే మాట మాత్రం ఇక్కడ నిషిద్ధం. ఇంకా ఎక్కలేదు అనాలి. నాలుగుసార్లు వినాలి, ఊరాలి అంటాడు. ఆవకాయ కూడా ఊరాలి, కాదన్లేదు, కానీ జాడీ మూత తీయకముందే అద్భుతం అనమని మా అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఆఖరి పాట 25 నిమిషాలు దాటుద్ది. అప్పటికి ఇయర్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, స్పీకర్‌లో పెట్టా. అమ్మ పేపర్ పరుచుకుని అరకిలో చిక్కుడుకాయలు ముందేసుకుని నారలు తీస్తోంది. కొన్ని నిమిషాలకి ఎవరో ఆవిడ గొంతు వచ్చింది. "ఈవిడ బానే పాడుతోందే" అంది. ఆ తర్వాత ఆటోట్యూన్ అనే గొంతు మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఈయన గొంతు రోబోలా తిరిగిపోయింది.

"పాట మార్చావా?"

"లేదమ్మా, అదే."

కాసేపటికి జనమంతా కలిసి గంతులేస్తున్నట్టు కోరస్ అందుకుంది. "ఇదైనా వేరేదా?" "అదేనమ్మా." "మా రోజుల్లో రేడియోలో విజయవాడ పెడితే శ్రీలంక వచ్చి పడేది, అలా ఉందిరా" అని చివరి కాయ తుంచింది. చిక్కుళ్ళు అయిపోయాయి, పాట అవలేదు. గిన్నె ఎత్తుకుని లేవబోతుంటే ఆ హోరంతా ఒక్కసారి తగ్గి ఉత్త గిటార్, పాత గొంతు. అమ్మ అలాగే నిలబడి విన్నది.

"ఈ అబ్బాయికి మధ్యలో ఒంట్లో బాలేదా ఏంటి?"

బావమరిది నోరు తెరిచి మూసుకున్నాడు. ఆల్బమ్‌కి ముందు ఆయనకి నరాల మీద దెబ్బకొట్టే వైరస్ జబ్బేదో చేసి నెలల తరబడి సంగీతమే ఆపేశాడు, ఆ మాట ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. వీడు అవన్నీ చదివినవాడే, గంటా పావు నుంచీ మాకు కళ గురించి చెప్తున్నాడు గానీ ఈ ముక్క ఒక్కసారి కూడా అనలేదు.

"అవునత్తయ్యా, బాలేదు."

"అదీ. ఇప్పుడు బానే ఉన్నాడా?" అని అడుగుతూ అమ్మ తాలింపు పెట్టడానికి లోపలికెళ్ళింది.