హవాయి చెప్పులకూ ఒక చట్టం కావాలి

తమిళనాడులో పంచెకు చట్టం ఉంది. 2014 జూలైలో చెన్నైలోని ఒక క్లబ్బులో పుస్తకావిష్కరణకు పంచెకట్టుతో వెళ్లిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మం దగ్గరే ఆపేశారు. మరుసటి నెలలోనే అసెంబ్లీ చట్టం చేసింది. సంప్రదాయ దుస్తుల్లో వచ్చినవారిని అడ్డుకుంటే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పంచె పరువు నిలబడింది. పంచె కింద ఉన్న చెప్పుల సంగతి మాత్రం ఏ పార్టీకీ పట్టలేదు.

ఈ లోపం నాకు మొన్న మే నెలలో తెలిసొచ్చింది. మా బావగారు ఒక క్లబ్బుకు భోజనానికి పిలిచారు. పట్టుపంచె కట్టి, కత్తిరి ఎండ కదా అని కాళ్లకు హవాయి చెప్పులు తగిలించుకుని వెళ్లాను. గార్డు పంచెకు సెల్యూట్ కొట్టాడు, చెప్పులు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "బాత్రూం చెప్పులు నాట్ అలౌడ్ సార్!" ఇంతలో ఒక కుర్రాడు అచ్చం అలాంటివే టపటపలాడిస్తూ లోపలికి పోయాడు. ఇదేమిటయ్యా అంటే, "అవి ఫ్లిప్‌ఫ్లాప్స్ సార్" అన్నాడు.

ఇవి ఊరికో పేరు పెట్టుకుని తిరిగే చెప్పులే. ఆస్ట్రేలియాలో థాంగ్స్ (ఆ మాట అమెరికాలో అడిగితే లోదుస్తుల షాపు చూపిస్తారు, జాగ్రత్త), న్యూజిలాండ్‌లో జాండల్స్, ఫిలిప్పీన్స్‌లో సినెలాస్. బ్రెజిల్‌ వాళ్లు 1962లో జపాన్ వాళ్ల జోరీ చెప్పులను చూసి తయారుచేసి హవాయానాస్ అన్నారు. మనమూ హవాయి అన్నాం. హవాయి దీవుల్లో మాత్రం వీటిని స్లిప్పర్స్ అంటారు! సరే, దేశం మారితే పేరు మారడం సహజం. మన దగ్గర ధర మారితే చాలు. రంగనాథన్ వీధిలో కుప్పపోస్తే రబ్బర్ చెరుప్పు (తమిళంలో చెప్పు), మాల్‌లో గాజు అరలో లైటు కింద పెడితే ఫ్లిప్‌ఫ్లాప్.

ఇది జపాన్ సరుకు, సంప్రదాయం కిందికి రాదని క్లబ్బు లాయర్లు వాదిస్తారు. వాదించనివ్వండి. పావుకోళ్లకు బొటనవేలి పక్కన ఉండే గుబ్బ పని ఏమిటో వాళ్లనే చెప్పమనండి. భరతుడు పద్నాలుగేళ్లు సింహాసనం మీద పెట్టి రాజ్యం నడిపింది బూట్లను కాదు. అక్కడ ఈ క్లబ్బు మేనేజర్ ఉండి ఉంటే ఆ పాదుకలకూ టోకెన్ ఇచ్చి బయట స్టాండులో పెట్టించేవాడు.

హవాయి చెప్పులు వేసుకునేవాళ్లు కూడా విమానం ఎక్కాలని ప్రధానమంత్రి 2017లో ఉడాన్ పథకం ప్రారంభిస్తూ అన్నారు. అంటే మీనంబాక్కం విమానాశ్రయంలో దర్జాగా దిగొచ్చు, అక్కణ్ణుంచి భోజనానికి వెళ్తేనే తంటా. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగామంటాం. బూట్లరిగేలా తిరిగినవాణ్ని ఎవరైనా చూశారా?

అందుచేత 2014 చట్టానికి సవరణ కోరుతున్నాను. దుస్తులు అన్నచోటల్లా 'హవాయి చెప్పులతో సహా' అని చేర్చాలి. కపాలీశ్వరుడి గుడి బయట తారుమారై, ఒకటి నీలం ఒకటి ఎరుపుగా మిగిలిన జతలకూ రక్షణ ఉండాలి. పట్టీ ఊడితే పిన్నీసు గుచ్చినవాటి విషయంలో మాత్రం నేను చర్చకు సిద్ధం. పిన్నీసు వెండిదైతే క్లబ్బు కమిటీలో తాను మాట్లాడి చూస్తానని మా బావగారు ఇప్పటికే మాటిచ్చారు.