గేటు బయట నాలుగు రోజులు

నా రెండు లారీల్లో ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో ఆగిపోయి 40 రోజులైంది. ఇంజనుకి ఏమీ కాలేదు. టైర్లు కొత్తవి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది, కిరాయిలూ ఉన్నాయి. తోలేవాడే లేడు. ఫైనాన్సు వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే. బ్యాటరీ దిగిపోకుండా రోజూ పొద్దున్నే వెళ్లి, పావుగంట స్టార్ట్ చేసి ఉంచి, ఆపేసి వస్తున్నా.

"సరుకు ఇంకా రాలేదేంటండీ, మీ లారీవాళ్లతో ఎప్పుడూ ఇంతే" అని ఫోన్లు చేసేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. డ్రైవర్లు దొరక్క సరుకు లేటవుతోందని అందరూ అంటున్నారు. పదకొండేళ్లు స్టీరింగ్ పట్టుకుని, ఆ తర్వాత ఓనరయినవాణ్ణి. నేను చూసింది వేరు. దించుకునేచోట బండ్లని రోజుల తరబడి నిలబెట్టి నిలబెట్టే డ్రైవర్లని పోగొట్టుకున్నాం.

ఒక్క ట్రిప్పు సంగతి చెప్తా. కాకినాడలో నూనె డబ్బాలు ఎత్తుకుని హైదరాబాద్ శివార్లలో ఒక గోడౌన్‌కి వెళ్లాలి. సుమారు 500 కిలోమీటర్లు. నా బండి మంగళవారం పొద్దున ఆరింటికల్లా ఆ గేటు ముందుంది. సెక్యూరిటీ అతను నంబరు రాసుకుని, పిలిచేదాకా బయటే ఉండమన్నాడు. ముందు 23 బండ్లు. వాన. అక్కడ మరుగుదొడ్డి లేదు, చేతులు కడుక్కోవడానికి కుళాయి కూడా లేదు. బండి పక్కన స్టవ్వు పెట్టుకుంటే "ఇక్కడ వంట చేయకూడదు" అని తీయించేశారు. లైను ఏ అర్ధరాత్రో ఒక బండి పొడవు కదులుతుంది. ఆ టైముకి కన్ను మూతపడిందా, వెనక బండి వాడు ముందుకొచ్చేస్తాడు. అందుకని రాత్రంతా మెలకువే. శుక్రవారం మధ్యాహ్నం లోపలికి పిలిచారు. ముఠావాళ్లు రెండు గంటల్లో దించేశారు.

రెండు గంటల పనికి నాలుగు రోజులు!

ఈ లోపు ఈ-వే బిల్లు గోల. సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ కాగితం అది, దానికి గడువుంటుంది. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున లెక్క, అంటే మాకు మూడు రోజులు. పొడిగించాలంటే గడువు తీరడానికి ముందు 8 గంటలు, తీరాక 8 గంటలు, అంతే వీలు. గడువు దాటిన బిల్లుతో దొరికితే పన్నుకి 200 శాతం దాకా జరిమానా వేయొచ్చు. గేటు బయట నిలబెట్టింది వాళ్లు, భయపడుతూ కూర్చుంది మేము.

హాల్టింగ్ డబ్బులు, అంటే బండి ఊరికే నిలబడ్డ రోజులకి ఇచ్చేవి, అడిగితే గోడౌన్ వాళ్లు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుని అడగమన్నారు. ఆఫీసు వాళ్లు పార్టీ, అంటే సరుకు పంపినవాళ్లు, ఇవ్వాలన్నారు. పార్టీ మళ్లీ గోడౌన్ పేరే చెప్పింది. చివరికి ఒక్క రూపాయి రాలేదు. డ్రైవరుకి ట్రిప్పు లెక్కే కాబట్టి ఆ నాలుగు రోజులూ వాడికి జీతం లేనట్టే. బత్తా డబ్బులు నీళ్ల బాటిళ్లకీ టిఫిన్లకీ సరిపోయాయి.

ఇక నేను చేసిన తప్పు. అదే సాయంత్రం రిటర్న్ లోడు దొరికింది, శనివారం పొద్దునకల్లా విజయవాడలో ఉండాలి. పోయిన కిరాయి రాబట్టుకోవాలని డ్రైవర్ని వెంటనే బయల్దేరమన్నా. వాడు సూర్యాపేట దాకా వచ్చి ఫోన్ చేశాడు. "అన్నా, కళ్లు మూతలు పడిపోతున్నాయి. పక్కకి ఆపి పడుకుంటున్నా. తిట్టుకుంటే తిట్టుకో." ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. వాడు ఆపకుండా వచ్చేసి ఉంటే ఏమయ్యేది? గేటు దగ్గర పోయిన టైముని మనం డ్రైవర్ నిద్రలోంచి కోసుకుంటున్నాం. నేనూ కోశాను.

మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలకి మించి పని చేయించకూడదని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. నా పదకొండేళ్లలో ఆ లెక్క ఎవరూ నన్ను అడగలేదు. యాక్సిడెంట్‌లో మనిషి చనిపోతే పోలీసులకి చెప్పకుండా పారిపోయినవాడికి పదేళ్ల దాకా జైలని కొత్త సెక్షన్ తెచ్చినప్పుడు, 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం కిలోమీటర్ల కొద్దీ నిలబడ్డారు. తర్వాత ప్రభుత్వం ఆ సెక్షన్‌ని పక్కన పెట్టింది. నేను చూసిన చర్చల్లో శిక్ష ఎంతుండాలన్నదే మాట్లాడారు. ఆ మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న ఎక్కడా వినలేదు. దెబ్బ తగిలినవాళ్లని ఆసుపత్రికి చేర్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆగితే జనం చావగొడతారన్న భయం ఎలాంటిదో లారీ తోలినవాడికి తెలుసు.

డ్రైవర్లు పెరగాలని, లారీ లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో తీసేశారు. కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అన్నారు, మంచిదే. కానీ గేటు బయట ఇంజను ఆపేస్తే ఏసీ ఉండదు, నాలుగు రోజులు ఇంజను ఆన్ చేసి ఉంచితే డీజిల్ ఎవరు పోస్తారు? అసలు డ్రైవరు తయారయ్యేదే క్లీనరు నుంచి. నేనూ అలా వచ్చినవాణ్ణే. టైర్లు తట్టి గాలి చూడటం, లోడు మీద పట్టా కట్టడం, వెనక నిలబడి "పోనీ పోనీ" అంటూ రివర్స్ చేయించడం, అన్నీ మా గురువు దగ్గర నేర్చుకున్నా. ఇప్పుడు క్లీనరుకి జీతమిచ్చే కిరాయిలు లేవు, డ్రైవరొక్కడే వెళ్తున్నాడు. కొత్తవాడు ఎక్కడ నేర్చుకుంటాడు? పైగా లారీ డ్రైవరంటే పిల్లనివ్వరు. మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు సంబంధం కుదరడం కోసమే లారీ మానేసి జేసీబీ ఎక్కారు.

ఆ సూర్యాపేటలో ఆగిన కుర్రాడు ఇప్పుడు కాలేజీ బస్సు తోలుతున్నాడు. నా దగ్గర వచ్చినదానికన్నా తక్కువే. రమ్మని రెండుసార్లు ఇంటికెళ్లి అడిగా. వాళ్లావిడ టీ ఇచ్చి, "వద్దన్నయ్యా, రాత్రికి ఇంటికొస్తున్నారు, అది చాలు" అంది. మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

సరుకు తెప్పించుకునే కంపెనీలూ, గోడౌన్‌లూ, మిల్లులూ ఒక్క పని చేయండి. బండి గేటుకి వచ్చిన తారీఖూ టైమూ బిల్టీ (సరుకుతో వచ్చే లారీ రసీదు) మీద రాసి సంతకం పెట్టండి. 12 గంటలు దాటాక గంటకింత అని హాల్టింగ్ ఇవ్వండి, అందులో సగం నేరుగా డ్రైవర్ చేతికి. గేటు బయట ఒక మరుగుదొడ్డి, ఒక కుళాయి పెట్టించండి. ఓనర్లం మనం కూడా, నిద్ర లేని మనిషిని బయల్దేరమని ఫోన్ చేయడం మానేద్దాం.

ఇలా రాసివ్వని చోటికి నా రెండో బండిని పంపనని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చెప్పేశా. ఇప్పటికి రెండు లోడ్లు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. అయినా పంపను.