శ్లోకాలకు నగల మీద కోపమా?

పెళ్ళిళ్ళ సీజను వస్తే చాలు, విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. సంస్కృతంలో మన పెద్దలు దేహసౌందర్యాన్ని తుచ్ఛమన్నారట. గుణవంతురాలు నగ ముట్టదట. పెళ్ళికి గుణమొక్కటే చూసేవారట. ఇప్పటి ఆడపిల్లలకేమో బ్యూటీ పార్లరే గుడి అయిపోయిందట. పైన బొమ్మలో మాత్రం ఒంటినిండా నగలు దిగేసుకున్న అమ్మాయి!

వాళ్ళ మొదటి సాక్షి భర్తృహరి, 'కేయూరా న విభూషయంతి'. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో 'భూషలు గావు మర్త్యులకు' అని బడిలో బట్టీపట్టిందే. అది నీతిశతకంలో పండితుల గురించి చెప్పే విద్వత్పద్ధతి అనే భాగంలోది. భుజకీర్తులు, హారాలు ఎప్పటికైనా పోయేవే, సంస్కారమున్న మాట నిలుస్తుందంటాడు. అంతే. ఆడపిల్లల ఊసే లేదందులో. మాటతోనే ఊళ్ళు గెలిచిన మన ఆదిభట్ల నారాయణదాసు గారు కూడా కాలికి గజ్జె కట్టే హరికథ చెప్పారు.

గుణవంతురాలు నగ ముట్టదన్నవాళ్ళు అయోధ్యకాండ చివరి సర్గలు తిరగెయ్యాలి. అత్రి ఆశ్రమంలో అనసూయ, పాతివ్రత్యానికి పెట్టింది పేరు, సీతకు ధర్మం చెప్పి పూలమాల, చీర, నగలు, మైపూత ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా? నా కళ్ళెదుటే అలంకరించుకో అంది. సీత అన్నీ పెట్టుకుని ఆవిడకు మొక్కింది, రాముడు చూసి మురిసిపోయాడు. అదీ వనవాసంలో.

ఇక వాళ్ళ రెండో సాక్షి అష్టావక్రుడు, ఒంట్లో ఎనిమిది వంకరలతో పుట్టిన ఋషి. జనకుడి సభ నవ్విందనీ, 'తోలు చూసే మీరు చర్మకారులు' అన్నాడనీ చెప్పే కథ భారతం వనపర్వంలో లేదు. అక్కడ ద్వారపాలకుడు ఆపింది కుర్రాడని, వంకరవాడని కాదు. 'తల నెరిస్తే పెద్దవాడైపోడు' అన్నది దానికి జవాబు. జనకుడి ఆస్థాన పండితుడు వందిని వాదంలో ఓడించాక, తండ్రి మాట మీద సమంగ అనే నదిలో మునిగితే వంకరలన్నీ పోయాయి. దేహం తుచ్ఛమే అయితే ఆ వరం దేనికి?

పెళ్ళికి గుణమొక్కటే చూసేవారా? 'కన్యా వరయతే రూపం' శ్లోకం ఏమంటోంది? పిల్ల అందం చూస్తుంది, తల్లి డబ్బు, తండ్రి చదువు, చుట్టాలు కులం. మిగతా జనానికి కావలసింది మృష్టాన్నం. నరసన్నపేట పెళ్ళయినా, బొబ్బిలి పెళ్ళయినా మనం ఆ ఆఖరి బంతిలోవాళ్ళమే.